చిన్నమ్మ అల్లిన వదులు స్వెట్టర్

నాగర్‌కర్నూల్‌లో చదువుకుంటున్న నా మనవరాలు మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి, అచ్చం అలాంటిదే అల్లిపెట్టమంది. ముందు గుండీలు, రొమ్ము మీద లావు లావు జడలు పేనినట్టుండే అల్లిక. కళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి, వేళ్ళు కూడా ఏదో ఒకలా వంగుతున్నాయి, సరే అల్లుతానన్నాను. కొలత తీసుకుందామని దగ్గరికి పిలిస్తే నవ్వింది. కొలతెందుకు అవ్వా, నాలాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత వదులుగా అల్లు, ఇప్పుడదే ఫ్యాషన్ అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. వదులు స్వెట్టర్ నా చేతులతో అల్లను, అల్లితే ఒంటికి పట్టేటట్టే అల్లుతాను, ఇష్టమైతే తొడుక్కో లేకపోతే మానుకో అన్నాను. పిల్ల మొహం ఇంత చేసుకుంది. దానికేం తెలుసు పాపం! వదులైన స్వెట్టర్ అంటే నాకు మా చిన్నాయిన, అంటే మా నాయిన తమ్ముడు, కళ్ళ ముందుకొస్తాడు. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.

మాది వనపర్తికీ గోపాల్‌పేటకూ నడుమ ఒక ఊరు. గుట్టల పక్కన ఎర్రనేలలు. వానొస్తే పల్లీలు, రాకపోతే మేస్త్రీ. ఆ కాలంలో మా వాడలో సగంమంది మగవాళ్ళు ఎప్పుడూ ఊళ్ళో ఉండేవాళ్ళు కాదు. ఎక్కడ డ్యామ్ కడితే అక్కడికి, ఎక్కడ కొండ తొలిస్తే అక్కడికి కూలీల మేస్త్రీ వెంట గుంపుగా పోయేవాళ్ళు. మా నాయినకు చిన్నప్పుడే కాలు విరిగి సరిగ్గా అతుక్కోలేదు కాబట్టి ఇంటిపట్టున ఉన్నాడు. చిన్నాయిన మాత్రం మీసాలు రాకముందు నుంచే పలుగు పట్టినవాడు.

ఆయనకు చేసుకున్న పిల్ల, మా చిన్నమ్మ, వనపర్తిలో మిషన్ హాస్టల్లో పెరిగింది. తల్లీ తండ్రీ లేరు. పెళ్ళిలో అందరూ గిన్నెలూ చెంబులూ చదివిస్తే ఆమె హాస్టల్ టీచరమ్మ ఒక సంచీడు ఊలు చదివించింది. వేయించిన పల్లీ పొట్టు రంగు ఊలు. మా అవ్వ, అంటే నాయినమ్మ, ఆ సంచి విప్పి చూసి ముక్కు మీద వేలేసుకుంది. గొంగడి కప్పుకునేవాళ్ళం, మనకెందుకమ్మా ఇది, దీన్ని వండుకుంటామా ఏమన్నానా అని వారం రోజులు ఎత్తిపొడిచింది. చిన్నమ్మ నవ్వి ఊరుకునేది. ఆ సంచిలో పురుగు పట్టకుండా వేసిన డాంబరు గోళీల వాసన వచ్చేది. నేను సంచిలో తల దూర్చి ఆ వాసన పీల్చి, తల తిరుగుతోందని నటించి దొర్లేదాన్ని.

పెళ్ళయి నెల తిరగకముందే మేస్త్రీ పిలుపు వచ్చింది. ఉత్తరాన ఎక్కడో కొండల్లో సొరంగం పని. చిన్నాయిన పోయాడు. ఆ చలికాలం మొదట్లో గుంపులోంచి ఒకతను ఇంటికొచ్చి, అక్కడ పొద్దున లేచేసరికి బకెట్లో నీళ్ళు రాయైపోతాయనీ, పెదాలు పగిలి నెత్తురొస్తుందనీ చెప్పి పోయాడు. ఆ సాయంత్రమే చిన్నమ్మ ఊలు సంచి దింపింది. సైకిల్ షాపులో పాత పుల్లలు అడిగి తెచ్చి, వాటి కొనలు రాతి మీద నూరి సూదులు చేసుకుంది. ఊరి నుంచి తర్వాతి గుంపు పోయేలోగా అల్లి వాళ్ళ చేతికిచ్చి పంపాలని ఆమె ఆరాటం.

అల్లడం ఆమెకు ఎడమచేతి పని. చిక్కంతా కొలత దగ్గర వచ్చింది. మొగుడి భుజం ఎంత వెడల్పో ఆమెకు తెలియదు! ఇప్పటి పిల్లలు వింటే నవ్వుతారు. మా ఇంట్లో కొత్తకోడలు పగటిపూట మొగుడి వైపు నిలబడి చూస్తే చాలు, అవ్వ అరుగు మీద నుంచి దగ్గేది. ఆ దగ్గుకు భయపడి ఆయన ఇంట్లో ఉన్న ఆ కొన్నాళ్ళూ ఆమె తల వంచుకునే తిరిగింది. ఇప్పుడు అదే అవ్వను అడగాల్సి వచ్చింది. అవ్వ రెండు చేతులూ బార్లా చాపి, నా కొడుకు రొమ్ము తలుపంత ఉంటుందంది. నాయిన, వాడు నాలో సగమే అన్నాడు. మా అమ్మ, మరిదికి ఇన్నేళ్ళు అన్నం పెట్టింది కదా, మెడ సన్నం, చేతులు పొడుగు అంది. ముగ్గురూ ముగ్గురు మనుషుల్ని చెప్పారు. చిన్నమ్మ సూదులు ఒళ్ళో పెట్టుకుని ముగ్గురి మొహాలూ చూసింది.

ఆఖరికి అవ్వ లేచి ట్రంకుపెట్టెలోంచి చిన్నాయిన పెళ్ళి అంగీ తీసిచ్చింది. కొలత దొరికినందుకు చిన్నమ్మ మొహం విప్పారింది. జానలతో కొలిచి, ఇంకో రెండు వేళ్ళు కలిపింది. ఆమె ఎంచుకున్నదీ జడల అల్లికే, దాంతో అదొక తంటా. కొన్ని కుట్లను పక్కన ఆపి, వెనక రావాల్సినవి ముందు అల్లి, తర్వాత ఆపినవి అల్లాలి. అప్పుడు జడ తిరుగుతుంది, కానీ గుడ్డ దగ్గరికి ముడుచుకుంటుంది. అందుకని వెడల్పు ముందే ఎక్కువ పట్టుకోవాలి. పక్కన ఆపిన కుట్లు జారిపోకుండా తల పిన్ను గుచ్చేది. ఆమె జడ ఊడి భుజాల మీద పడుతున్నా పిన్ను తలలోకి పోయేది కాదు, అల్లికలోనే ఉండేది.

అల్లుతున్నన్ని రోజులూ ఒకటే పరేషాన్. బిగుతయిందేమో, పెద్దయిందేమో. కట్టె పొయ్యి మీద జొన్నరొట్టె కాలుతుంటే ఒక చేత్తో రొట్టె తిప్పుతూ ఇంకో చేత్తో ఆ ముక్కను జాన పెట్టి చూసేది. నాయిన అన్నానికి కూర్చుంటే వెనక నుంచి వచ్చి చప్పుడు కాకుండా ఆయన వీపుకు ఆనించి చూసేది. నాయిన తెలిసీ తెలియనట్టు కదలకుండా కూర్చునేవాడు. వీపు ముక్క రెండుసార్లు ఇప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది. నేను రెండు చేతులూ చాచి కూర్చుంటే వాటికి ఊలు లడి తగిలించి ఉండ చుట్టేది. కూర్చోవడానికి నాకు లంచం కావాలి. గుప్పెడు వేయించిన పల్లీలు ఇస్తే తప్ప చేతులు చాచేదాన్ని కాదు. మిగిలిన పల్లీలు ఊలు సంచిలోనే దాచేదాన్ని. ఒకరోజు ఒక్క చెయ్యి మాత్రమే పూర్తయిన స్వెట్టర్‌ను తొడుక్కుని, ఆ చెయ్యి తోకలా ఈడ్చుకుంటూ వాడంతా తిరిగొచ్చాను. చిన్నమ్మ నా వీపు మీద ఒకటి చరిచి, వెంటనే అదే చోట నిమిరింది. స్వెట్టర్ అయిపోయేనాటికి దానికి డాంబరు గోళీల వాసన పోయి పల్లీల వాసన అంటింది.

గుంపు పోయే ముందే కబురొచ్చింది. చిన్నాయినకు ఒంట్లో బాగాలేదు, రైల్లో ఎక్కించారు, గద్వాల స్టేషన్‌లో దిగుతాడని. నాయిన బయలుదేరితే నేనూ వస్తానని ఏడ్చి సాధించుకున్నాను. చిన్నమ్మ స్వెట్టర్‌ను తువ్వాల్లో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. దిగంగనే తొడుక్కోమని చెప్పు, జల్ది తొడుక్కోమను అని నా చెవిలో చెప్పింది.

తెల్లవారుజామున రైలు వచ్చింది. దిగినవాళ్ళందరినీ చూస్తున్నాను, మా చిన్నాయిన కనబడలేదు. నాయిన మాత్రం ఒక ముసలాయన వైపు నడిచాడు. దగ్గరికి పోయాక ఆ ముసలాయన నన్ను చూసి నవ్వితే అప్పుడు గుర్తుపట్టాను. నాయిన నా చేతుల్లోంచి స్వెట్టర్ తీసుకుని, చిన్నపిల్లవాడికి తొడిగినట్టు తమ్ముడికి తనే తొడిగి, గుండీలు పెట్టాడు. భుజాల కుట్లు మోచేతుల దగ్గరికి జారాయి. చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. చిన్నాయిన రెండు చేతులూ చాపి తనను తాను చూసుకున్నాడు.

"ఏందన్నా గిది? ఇంకొకన్ని గూడ ఎక్కిచ్చుకోవచ్చు ఇందుల."

ఆయన నవ్వు మొదలై దగ్గు అయింది. ఆ దగ్గు స్టేషన్ బయటికి వచ్చేదాకా ఆగలేదు.

ఇంటికొచ్చేసరికి చిన్నమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మొగుణ్ణి చూసింది. ఆయన మొహం చూడలేదు, మోచేతుల మీదికి జారిన భుజాలు చూసింది. గబగబా లోపలికి పోయింది. తన కొలతే తప్పిందని ఆమె ఏడుపు. నేను చెబుతున్నాను, ఆ పూట ఆమె ఏడ్చింది కొలత కోసమే, మనిషి ఎంత చిక్కాడో ఆమెకింకా తట్టలేదు. అవ్వ తల కొట్టుకుని అసలు సంగతి చెప్పింది. మావైపు పెళ్ళికొడుకు అంగీ వదులుగానే కుట్టిస్తారు, పెళ్ళయ్యాక పిల్లవాడు ఒళ్ళు చేస్తాడని. టైలర్‌కు ఆ మాట చెప్పింది అవ్వే. కొలతకు అంగీ ఇచ్చేటప్పుడు మాత్రం ఆమెకది గుర్తే రాలేదు. అందరం నవ్వాం. చిన్నమ్మ కూడా కళ్ళు తుడుచుకుని నవ్వింది.

ఆ సాయంత్రం ఆమె స్వెట్టర్ ఇమ్మని చెయ్యి చాపింది, ఇప్పేసి చిన్నగా అల్లుతానని. చిన్నాయిన ఇవ్వలేదు. రెండు చేతులతో రొమ్ముకు అదుముకున్నాడు.

"ఇప్పకు. వదులుగనే ఉండనియ్యి. నేనే నింపుత."

వనపర్తి దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే కిటికీ వెలుగుకు పెట్టి చూసి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి ఉందని నాయినకూ చిన్నమ్మకూ చెప్పింది. మందులిచ్చింది, బలమైన తిండి పెట్టమంది. తగ్గుతుందా అని నాయిన అడిగితే, బలమైన తిండి పెట్టమని మళ్ళీ చెప్పింది. అవ్వకూ చిన్నాయినకూ ఈ మాటలు చెప్పలేదు. నేను కిటికీ కింద ఫినాయిల్ వాసనకు ముక్కు మూసుకుని నిలబడి విన్నాను కాబట్టి నాకు తెలిసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో చిన్నాయిన మేకపాల గురించీ గుడ్ల గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు.

తిండి పెట్టడంలో ఎవరూ తక్కువ చేయలేదు. నాయిన పెబ్బేరు సంతలో పాలిచ్చే మేకను పట్టుకొచ్చాడు. అమ్మ రాగిజావ కాచేది. ఎముకల పులుసు మిరియాలు దంచి వేస్తే వాడ చివరిదాకా ఘాటు వచ్చేది. చిన్నాయిన ఎండపొడ పడే అరుగు మీద స్వెట్టర్ తొడుక్కుని కూర్చుని అన్నీ తాగేవాడు, అన్నీ తినేవాడు. ప్రతి ఆదివారం చర్చికి పోయే ముందు గుండీలన్నీ పెట్టుకుని, పొట్ట దగ్గర మిగిలిన ఊలును పిడికిట పట్టి చూసుకునేవాడు. ఎంత నిండాడో చూసుకోవడం అన్నమాట. మొదట్లో ఆ పిడికిలి చూపించి నాతో హాస్యమాడేవాడు. రానురాను పిడికిట్లోకి వచ్చే ఊలు ఎక్కువైందే గానీ తక్కువ కాలేదు. ఒక ఆదివారం పిడికిలి పట్టి అలాగే నిలబడిపోయాడు. చర్చికి రానన్నాడు. ఆ పూట రొట్టె ముట్టలేదు, మర్నాడూ ముట్టలేదు.

రెండోనాడు చిన్నమ్మ స్వెట్టర్ మాసిపోయింది ఉతకాలి అని తీసుకుంది. ఉతికిన ఊలు ఆరడానికి రోజులు పడతాయి కదా, ఆయన అడగలేదు. మధ్యాహ్నం ఆయన కునుకు తీయగానే పెరట్లో దాన్ని ఇప్పడం మొదలుపెట్టింది. ఇప్పిన ఊలు వంకర్లు తిరిగి ఉంటుంది. ఉడుకుతున్న అన్నం కుండ ఆవిరి మీద పట్టి సాపు చేసి, నా చేతులకు లడి తగిలించింది. ఈసారి పల్లీలు అడగలేదు నేను.

"చిన్నాయినకు చెప్పకు బిడ్డా. నిండిన అనిపిస్తే జర రొట్టె తింటడు," అంది.

ఆమె ఏడుస్తుంటే నాకు భయం వేసేది కాదేమో. ఏడవకుండా కుట్లు లెక్కపెట్టుకుంటూ అల్లుతుంటే భయం వేసింది. వెడల్పు తగ్గించాలంటే చంకల పక్కనున్న జడలు తీసేయాల్సి వచ్చింది. ముందువైపు జడలు అలాగే ఉంచింది, ఎదురుగా కనబడేవి అవే కాబట్టి. అమ్మకు తెలుసు, నాయినకు తెలుసు. అవ్వకు చెప్పలేదు, అవ్వ నోట్లో నువ్వుగింజ నానదు.

ఇంకో ఆదివారం చిన్నాయిన స్వెట్టర్ తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకున్నాడు. పొట్ట దగ్గర పిడికిట పట్టబోతే ఊలు చేతికి రాలేదు. వంగి చూసుకున్నాడు, పక్కలు తడుముకున్నాడు. తర్వాత తలెత్తి చిన్నమ్మను చూసి, నిండింది అన్నాడు.

అవ్వ సంబరం చూడాలి! ఒక పక్క యేసయ్యకు స్తోత్రం చెబుతూనే ఇంకో పక్క ఉప్పు తెచ్చి కొడుక్కి దిష్టి తీసింది. ఆ పూట చిన్నాయిన రెండు రొట్టెలు తిన్నాడు. తర్వాత వారమంతా తిన్నాడు. ఒకరోజు పల్లీ చేను దాకా నడిచిపోయి వచ్చాడు. అంతా దగ్గరుండి చూసినదాన్ని, నాకే అనుమానం వచ్చింది, నిజంగా నిండుతున్నాడేమోనని. చిన్నమ్మ నవ్వు ఆ వారంలో చూసినంత నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

గుట్ట మీద మోదుగులు ఎర్రబడే వేళకు మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. ఈసారి చిన్నాయినను కొలవడానికి లేదు, పడుకున్నవాడిని కదిపితే దగ్గు. చిన్నమ్మ తన ఒంటికే పెట్టి చూసుకుంది. సరిపోయింది. ఆమె కాసేపు దాన్ని అలాగే తొడుక్కుని కూర్చుని, తర్వాత విప్పి మడతపెట్టింది. ఆదివారం ఆయన తొడుక్కుని, మళ్ళీ నిండింది అన్నాడు. అవ్వ మళ్ళీ దిష్టి తీసింది.

ఆ తర్వాత ఒక పొద్దున అరుగు మీద నేను విత్తనాలకని పల్లీకాయలు ఒలుస్తున్నాను. చిన్నాయిన పక్కన కూర్చుని రెండు కాయలు ఒలిచి అలిసిపోయాడు. ఆయాసం తగ్గేదాకా ఆగి, నా వేలు పట్టుకుని తన చంక పక్కన పెట్టాడు.

"ఈడ ఒక మోకుండె బిడ్డా. గద్వాల్ల తొడుక్కున్ననాడు ఉండె."

ఆయన ఆ జడల్ని మోకులనేవాడు. నేను తల వంచుకుని పల్లీలు ఒలుస్తూనే ఉన్నాను. కోపంగా లేడు. సొరంగంలోకి దించే మోకును చూసుకోకుండా ఎవరూ దిగరనీ, మోకు ఎక్కడ పోయిందో తన కన్ను కనిపెట్టకుండా ఉండదనీ మెల్లగా చెప్పాడు. మొదటిసారి ఉతికిన ఆదివారమే తెలిసిందట. మరి తెలిసీ రొట్టెలు ఎందుకు తిన్నావని అడిగాను. చిన్నపిల్లను కదా, నాకు అదే పెద్ద సందేహం.

"గొంతు దిగదు. ఆమె సూస్తుంటది గద, అందుకని తింటున్న," అన్నాడు. ఇంకో కాయ చేతిలోకి తీసుకుని, "మీ చిన్నమ్మకు చెప్పకు. బాగైతున్న అని నేను నమ్మిన అనుకుంటది. అనుకోనియ్యి," అన్నాడు.

అప్పటికి నాకు పదేళ్ళుంటాయో లేదో. అటు చిన్నమ్మ చెప్పొద్దంది, ఇటు చిన్నాయిన చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. అన్నానికి కూర్చున్నప్పుడు ఆమె ఇంకో రొట్టె వేస్తే ఆయన వద్దనకుండా తుంచేవాడు. ఆయన తుంచితే ఆమె మొహం తేటపడేది. నేను ఇద్దరి మధ్య కూర్చుని నా పళ్ళెంలోకి చూసుకునేదాన్ని. పచ్చిపులుసు నాకు ప్రాణం, ఆ రోజుల్లో అది కూడా సహించేది కాదు.

ఎండలు ముదిరాక ఎవరికీ స్వెట్టర్ అక్కర్లేదు. ఆయన మాత్రం విప్పలేదు. ఒక మధ్యాహ్నం, మేకకు ఆకులు వేసి నేను లోపలికి వచ్చేసరికి, అమ్మ ఆయన కళ్ళు మూస్తోంది. చిన్నమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. కొత్త బట్టలు తెస్తామంటే ఆమె ఒప్పుకోలేదు. ఉన్నదాన్ని సర్ది, గుండీలన్నీ తనే పెట్టింది. ఎక్కడా లాగాల్సిన పని పడలేదు, ఎక్కడా ఒక వేలు వదులు లేదు. అవ్వ కొడుకు రొమ్ము మీద చేతులు వేసి శోకం పెట్టింది. ఒళ్ళు చేస్తుండె గదరా కొడుకా, అంగి నింపుతుండె గదరా, నిండుతున్నోన్ని ఎట్ల తీస్కపాయె దేవుడు అని. వినలేక మా నాయిన బయటికి పోయి గోడకు తల ఆనించాడు. స్వెట్టర్ ఆయనతోనే మట్టిలోకి పోయింది.

చిన్నమ్మ ఆ తర్వాత వనపర్తి దవాఖానలో ఆయాగా చేరింది. అవ్వను చివరిదాకా తనే చూసుకుంది. పుట్టిన పిల్లలకు టోపీలు అల్లేది, నాకూ అల్లడం నేర్పింది. జడలు మాత్రం నేర్పలేదు. అవి నేను చూసి పట్టుకున్నవే. చిన్నాయిన మాట ఎప్పుడొచ్చినా ఆమె చివరికి ఒక్క దగ్గరికే వచ్చేది, బాగైతున్న అనుకుంటనే పోయిండు, నాకు గదొక్కటే తృప్తి అని. నేను అవు చిన్నమ్మా అనేదాన్ని. అలా అంటూనే నాకు పెళ్ళయింది, పిల్లలయ్యారు, తల నెరిసింది.

ఆమె మంచం పట్టాక నేను పోయి దగ్గరున్నాను. ఒక సాయంత్రం జావ తాగించి మూతి తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పు బిడ్డా. ఆయనకు తెల్వలేదు గద?"

"తెల్వలేదు చిన్నమ్మా."

ఆమె చెయ్యి వదిలి గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు రోజులకు పోయింది.

చెప్పొద్దన్న ఇద్దరూ ఇప్పుడు లేరు. ఎవరికీ చెప్పనందుకు నాకు బాధ లేదు, చెబితే ఏం జరిగేదో పదేళ్ళ పిల్లకేం తెలుస్తుంది. నన్ను కోసేది వేరే. ఆ చలికాలమంతా ఆయన పోతున్నాడని ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఒకే ఇంట్లో, ఒకే అరుగు మీద, ఒకరి ముందు ఒకరు నవ్వుతూ కూర్చున్నారు. మొగుడూ పెళ్ళామై ఉండి, వాళ్ళిద్దరూ ఒక్కనాడు కలిసి ఏడవలేదు.